నెల తప్పకముందు

ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురానికి దక్షిణాన, బాహుదా నది సముద్రంలో కలిసేచోట ఉంది సోనేపూర్. ఇసుక మీదికి లాగిపెట్టిన పడవలు, వాటి నీడన వలలు బాగుచేసుకునే మగవాళ్లు, తట్టలోని చేపలు అమ్ముడుపోయేదాకా ఇల్లు చేరని ఆడవాళ్లు. కాస్త దూరంలోనే ఇచ్ఛాపురం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాంలో చాలాభాగం మద్రాసును విడిచి అటు వెళ్లింది. సరిహద్దు మారింది గానీ ఈ తీరంలో వాడబలిజల ఇళ్లలో మాట మారలేదు. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే ఈ పల్లెకారులు ఇంట్లో మాట్లాడుకునేది ఇప్పటికీ తెలుగే.

తుపాన్లు వీళ్లకు కొత్త కాదు. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి, గంజాంను కూడా ముంచింది. 1999 పెనుతుపానులో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్న రాష్ట్రం, పైలిన్ నాటికి దాదాపు 10 లక్షల మందిని ముందే ఖాళీ చేయించగలిగింది. ఆ ముందుజాగ్రత్తల్లో ఒకటుంది. నెలలు నిండిన గర్భిణుల జాబితా తీసి, గాలి మొదలవకముందే వాళ్లను ఆసుపత్రులకు చేరుస్తారు. తిత్లీ రోజున ఒడిశా ఆసుపత్రుల్లో పుట్టిన ఆడపిల్లలకు కొందరు తల్లిదండ్రులు ఆ పేరే పెట్టుకున్నారు కూడా. ఏ ఊళ్లో ఎవరు కడుపుతో ఉన్నారో, ఎవరికి ఎన్నో నెలో ఆశా కార్యకర్త పుస్తకంలో పేరుపేరునా రాసి ఉండబట్టే అది కుదిరింది.

అదే పుస్తకాన్ని ఇంకో ప్రశ్న అడిగి చూడండి. వచ్చే ఏడాది తల్లి కాబోయే అమ్మాయి ఈ రోజు ఎంత బరువుంది? ఆమె ఒంట్లో నెత్తురు ఎంత? పుస్తకం నోరు విప్పదు. ఆ అమ్మాయి పేరు గర్భిణుల పేజీలోకి ఎక్కేది నెల తప్పాకే.

నెల తప్పడం ఇంటికి శుభవార్త. పిండం లెక్కలో మాత్రం అది ఆలస్యంగా అందిన కబురు. నెలసరి 28 రోజులకొకసారి వచ్చే స్త్రీకి అండం విడుదలై ఫలదీకరణ జరిగేది ఇంచుమించు 14వ రోజున. అంటే నెల తప్పిన నాటికే లోపల పిండం వయసు రెండు వారాలు. మెదడుగా, వెన్నుపాముగా మారవలసిన నాళం ఒకటుంది, న్యూరల్ ట్యూబ్ అంటారు. ఫలదీకరణ జరిగిన 28వ రోజుకల్లా అది మూసుకుపోవాలి. నెల తప్పాక మిగిలింది ఇంకో రెండు వారాలే. ఆ రెండు వారాల్లో మన ఇళ్లలో ఏం జరుగుతుంది? ఎండన పడి తిరిగాను, అందుకే ఆలస్యమైందేమో అనుకుంటుంది కోడలు. మూడో నెల వచ్చేదాకా నలుగురికీ చెప్పొద్దంటుంది అత్తగారు. ఈలోగా నాళం మూసుకోవడమో, మూసుకోకపోవడమో తేలిపోతుంది. మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలికతో పుట్టవచ్చు, పుర్రె పైభాగమే లేకుండా పుట్టవచ్చు.

గర్భం 12 వారాలు దాటకుండా పేరు నమోదైతే ప్రభుత్వ లెక్కల్లో అది 'త్వరగా' జరిగినట్టే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 70 శాతం తల్లులు మొదటి మూడు నెలల్లోనే పరీక్షకు వెళ్లారు. 2015-16లో ఇది 58.6 శాతం. మెచ్చుకోవలసిన పెరుగుదలే. కానీ ఆ నాళం సంగతికొస్తే పదో వారంలో వెళ్లినా, ఇరవయ్యో వారంలో వెళ్లినా ఒకటే. పెళ్లయ్యాక వేసిన పందిరి.

ఈ నాళం కథలో తెలుగువాడొకరున్నారు. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, నూలుమిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ప్రాణాంతకమైన ఒక రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు నుంచి తీసే మార్మైట్ అనే చవకరకం సారం తినిపిస్తే వాళ్లు తేరుకుంటున్నారని కనిపెట్టింది. అందులో ఏముందో ఆమెకు తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసినవాళ్లు, ఆకుకు లాటిన్ మాట ఫోలియం కాబట్టి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరుపెట్టారు. 1945 నాటికి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అక్కడి పరిశోధనలకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులను చిన్నవయసులోనే బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడా ఈ ఫోలిక్ యాసిడే మందు అయింది.

సుబ్బారావు 1948లో కన్నుమూశారు. ఆయన చలవతో మాత్రగా మారిన ఆ పదార్థం వెన్ను చీలికను ఆపగలదని గట్టిగా రుజువయ్యేసరికి ఇంకో నలభై మూడేళ్లు పట్టింది. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో, 33 కేంద్రాల్లో నడిపిన పరీక్ష ఫలితం బయటికొచ్చింది. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న స్త్రీలు మళ్లీ గర్భం దాల్చకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, ఆ లోపం 72 శాతం తగ్గింది. ఇక్కడ కీలకమంతా 'ముందు నుంచే' అన్న మాటలో ఉంది. మాత్ర ఎవరికివ్వాలో తెలియాలంటే ఎవరు తల్లి కాబోతున్నారో ముందు తెలియాలి. రసాయన శాస్త్రం చేయవలసింది 1945లోనే చేసేసింది. తేలనిది జనం లెక్కే.

నెత్తురు సంగతీ అంతే. గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది గానీ ఎర్రకణాలు ఆ వేగం అందుకోలేవు. పాలల్లో నీళ్లు కలిసినట్టు పలచబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు స్త్రీకి డెసిలీటరుకు 12 గ్రాముల హీమోగ్లోబిన్ దగ్గర గీత గీసి, గర్భిణికి అంతకంటే దిగువన గీయడానికి కారణం ఇదే. నాలుగో నెలలో కొలిచిన అంకెను బట్టి, ఆమె ఎంత నెత్తురుతో ఈ ప్రయాణం మొదలుపెట్టిందో చెప్పడం కష్టం. పైగా ఒక కాన్పుకు సుమారు 1,000 మిల్లీగ్రాముల ఇనుము అదనంగా కావాలి. డబ్బాలో గింజ లేకుండా సంసారం మొదలుపెట్టినావిడ, నెలలు నిండేలోపు ఆ అప్పంతా మాత్రలతోనే తీర్చాలి. మలబద్ధకం, వికారం, నల్లటి మలం చూసి భయం. సగంలో మానేసేవాళ్లే ఎక్కువ.

మరి ముందుగా కొలిచేదెలా? గర్భంతో పనిలేకుండా ఆడవాళ్ల ఒంటిని దేశమంతటా కొలిచిన ఏర్పాట్లలో పెద్దది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. ముంబైలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ 1992-93లో మొదలుపెట్టింది. 1998-99 రెండో విడతలో స్త్రీల ఎత్తు, బరువు చూశారు, వేలికొన గుచ్చి హీమోగ్లోబిన్ చూశారు. 2015-16 నాలుగో విడతలో రక్తంలో చక్కెర తోడైంది; జిల్లాల వారీగా లెక్కలు రావడమూ అప్పుడే. 2019-21లో 707 జిల్లాల్లో 7,24,115 మంది స్త్రీలను పలకరించారు. భాగారిస్తే జిల్లాకు వెయ్యిమంది చిల్లర. 2011 జనగణనలో 35 లక్షలు దాటిన గంజాం తరఫున జవాబు చెప్పేది దాదాపు ఆ వెయ్యిమందే. ఊళ్లను జనాభాకు తగినట్టు ఎంపిక చేసి, ఒక్కోచోట 22 ఇళ్ల తలుపు తడతారు. సోనేపూర్ తలుపు తట్టకపోయినా లెక్క తప్పు కాదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి నాలుగు మెతుకులు చాలు. అయితే ఆ నాలుగూ గరిటె తిప్పి తీసినవై ఉండాలి.

ఆ గరిటెకు అందనివేమిటో ఈ తీరం చూపిస్తుంది. సర్వే ప్రశ్నావళిలో చిన్న గళ్లుంటాయి: ఏ భాషలో అడిగారు, జవాబు చెప్పినావిడ మాతృభాష ఏది, దుబాసీ అవసరమైందా. ఒడియాలో అచ్చైన ప్రశ్నకు తెలుగు ఇంటి కోడలు చెప్పే జవాబు, అందులోనూ నెలసరి గురించి, పోయిన కాన్పుల గురించి అడిగినప్పుడు, అచ్చంగా ప్రశ్నకే చెప్పిన జవాబవుతుందా? ఇక అంకెల సంగతి. 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఒడిశాలో 2015-16లో 51 శాతం ఉంటే 2019-21కి 64.3 శాతానికి ఎగబాకింది. ఆంధ్రలో 60 నుంచి 58.8కి దిగింది. సోనేపూర్ పిల్ల ఒడిశా సగటులో ఉంటుంది. బాహుదా అవతల ఆంధ్ర పల్లెలో కాపురానికెళ్లిన ఆమె అక్క ఆంధ్ర సగటులోకి పోతుంది. ఒకే అమ్మ, ఒకే చేపల పులుసు, రెండు రాష్ట్రాల గణాంకాలు.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. సర్వే కొలిచేది స్త్రీలందరినీ. మనకు కావలసింది కాబోయే తల్లుల్ని. పిల్లల్ని కనడం ముగించుకున్న నలభై ఏళ్లావిడకు కాస్త ఒళ్లు వచ్చి ఉంటుంది. మొన్న కాపురానికొచ్చిన పందొమ్మిదేళ్ల పిల్ల అందరూ తిన్నాక చివర తింటుంది. ఇద్దర్నీ కలిపి సగటు తీస్తే పెద్దావిడ బరువు చిన్నపిల్ల బక్కతనాన్ని కప్పేస్తుంది. డయాన్ కాఫీ అనే పరిశోధకురాలు 2015లో దీనికి ఒక ఉపాయం చూపింది. సర్వేలో దొరికిన గర్భిణుల వయసు, చదువు, ఇదివరకటి కాన్పుల వంటి లక్షణాలు చూసి, గర్భిణులు కాని స్త్రీలలో అచ్చం వాళ్లలాంటి వాళ్లకు లెక్కలో ఎక్కువ విలువిచ్చింది. అప్పుడు 2005-06 సర్వేలో నుంచే కొత్త బొమ్మ బయటపడింది. గర్భం మొదలయ్యేనాటికి భారత స్త్రీలలో 42.2 శాతం ఉండవలసినంత బరువు లేరు. ఆఫ్రికాలో సహారాకు దిగువనున్న దేశాల్లో ఇది 16.5 శాతమే. స్త్రీలందరి సగటు మాత్రమే చూసేవాళ్లకు మన అంకె 36 శాతం లోపే కనిపించేది. ఆ మీదటి ఆరేడు శాతం కొత్తకోడళ్లదే. తొమ్మిది నెలల్లో వాళ్లు పెరిగే బరువూ సగటున ఏడు కిలోలే అని ఆమె లెక్క.

దీనికి సరిగ్గా తలకిందుల పని హెచ్‌ఐవీ లెక్కల్లో జరుగుతుంది. 1998 నుంచి దేశంలో ఏర్పాటైన నిఘా కేంద్రాల్లో, పరీక్షల కోసం వచ్చిన గర్భిణుల రక్తాన్ని పేర్లు లేకుండా పరీక్షించి, దాన్ని బట్టి మామూలు జనంలో హెచ్‌ఐవీ ఎంతుందో అంచనా వేస్తారు. సూరత్ మరమగ్గాలకు మగవాళ్లు పెద్ద ఎత్తున వలసపోయే గంజాంలో ఆ అంచనాకు ఎంతో విలువ ఉంది. అక్కడ జనమంతటి బదులు గర్భిణి నిలబడుతుంది. ఇక్కడ కాబోయే గర్భిణి బదులు జనమంతా నిలబడుతున్నారు.

కొలత పరికరం మీద కూడా తగాదా ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వే సిబ్బంది వాడిన హీమోక్యూ యంత్రం అరచేతిలో ఇమిడేంతది, ఒక బొట్టు చాలు. కానీ ఆ బొట్టు కోసం వేలు పిండితే కణజాలంలోని నీరు కలుస్తుంది, అంకె పక్కకు జరుగుతుంది. 2016-18లో పిల్లల మీద జరిగిన జాతీయ సమగ్ర పోషకాహార సర్వే నరం నుంచి రక్తం తీసి ప్రయోగశాలకు పంపింది. 1-4 ఏళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతమని తేలింది. దానికి కొంచెం ముందే, ఇంచుమించు ఆ వయసు పిల్లల్లోనే వేలి బొట్టు సర్వే 58 శాతం పైన చెప్పింది. ఏది నిజం? నరం రక్తం మీదే నిపుణులకు నమ్మకం ఎక్కువ. చివరికి కుటుంబ ఆరోగ్య సర్వే ఆరో విడత నుంచి ఈ పరీక్షనే తొలగించి, రక్తహీనత లెక్కను ఆహార, జీవసూచికల సర్వే పేరుతో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో మొదలై 1958లో హైదరాబాద్‌కు చేరిన సంస్థ అది. 1972 నుంచి పల్లె ఇళ్లలో తూచి, కొలిచి, తిండి లెక్కలు రాసిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో నడిచిందీ అక్కణ్నుంచే. 2015లో దాన్ని మూసేశారు. నలభై ఏళ్లు తిరిగిన త్రాసును అటకెక్కించి, కొన్నేళ్లకే కొత్త త్రాసు వెతుక్కున్నాం. తప్పుడు పరికరాన్ని మార్చడం న్యాయమే. కానీ త్రాసు మారినప్పుడు పాత తూకాలతో పోల్చే వీలు పోతుంది. ఒడిశాలో రక్తహీనత 51 నుంచి 64.3కి ఎందుకు ఎగబాకిందో నిలదీయడం ఇకమీదట కష్టమే.

ముందుగా కొలిచి, ముందుగా తిండి పెడితే ఫలితం ఉంటుందా అని అడిగే హక్కు పాఠకులకుంది. ముంబై మురికివాడల్లో 6,500 మంది స్త్రీల మీద ఒక ప్రయోగం జరిగింది. ఆకుకూరలు, పండ్లు, పాలపొడితో చేసిన సమోసా లాంటి పలహారం గర్భానికి ముందు నుంచీ రోజూ పెట్టారు. మొత్తం మీద చూస్తే బిడ్డ బరువులో తేడా రాలేదు. గర్భానికి కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్నవాళ్ల పిల్లలు మాత్రం 48 గ్రాములు ఎక్కువ తూగారు. అదీ మరీ బక్కగా లేని తల్లుల్లో ఎక్కువ. అంటే బాగా ఎండిపోయిన నేలకు ఒక వాన చాలలేదు. ఈ చేదు నిజాన్ని దాచుకోకుండా చెప్పడం ఆ ప్రయోగం గొప్పతనం. ఢిల్లీలో 13,500 మంది మీద జరిగి 2022లో వెలువడిన అధ్యయనం ఒక్క పలహారంతో ఆగలేదు. తిండి, మందులు, మంచినీరు, మనసుకు ఊరట, అన్నీ గర్భానికి ముందు నుంచి బిడ్డకు రెండేళ్లొచ్చేదాకా కలిపి అందించింది. అక్కడ తక్కువ బరువుతో పుట్టే పిల్లలు దాదాపు పావువంతు తగ్గారు. రెండేళ్ల నాటికి గిడసబారినవాళ్లు సుమారు సగానికి తగ్గారు.

ఇతర దేశాలు ఈ కొలతను తలో దారిన పట్టుకున్నాయి. చైనా 2010లో బిడ్డను కనాలనుకునే గ్రామీణ దంపతులకు ఉచిత పరీక్షలు మొదలుపెట్టి, కొన్నేళ్లలో దేశమంతటికీ పాకించింది. ఇంగ్లండు కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు. మంత్రసానులు మొదటి పరీక్షలో ఎలాగూ రాసుకునే వివరాలనే పోగేసి, దేశపు మార్కుల పట్టీ తయారుచేసింది. 2018-19 పట్టీలో గర్భానికి ముందు ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవాళ్లు నాలుగోవంతుకు కాస్త మించారంతే. అంత చదువు, అంత వైద్యం ఉన్న దేశంలో! అమెరికాలో 2006లో రోగ నియంత్రణ కేంద్రం గర్భానికి ముందు ఆరోగ్యంపై సిఫారసులు చేస్తే, ఆడదాన్ని ఎప్పటికీ గర్భిణిగానే చూస్తారా అని పత్రికలు మండిపడ్డాయి. ఆ కోపంలో న్యాయముంది. నెత్తురు లేని పిల్లకు నెత్తురు పట్టించవలసింది ఆమె అలిసిపోకుండా ఉండటానికి. రేపు కనబోయే బిడ్డ కోసం మాత్రమే కాదు.

గంజాం మాత్రం 'గర్భానికి ముందు ఆరోగ్యం' అన్న పేరు పెట్టకుండానే ఒక కొలత మొదలుపెట్టింది. 'నిర్భయ కఢి' అనే కార్యక్రమం కింద, బడికి రోజుల తరబడి రాని ఆడపిల్ల మీద ఉపాధ్యాయులు కన్నేసి ఉంచుతారు. పెళ్లి మాటలు నడుస్తుంటే ఆపిస్తారు. 2022 జనవరిలో జిల్లా తనను బాల్యవివాహ రహితమని ప్రకటించుకుంది. ఒడిశాలో ఆ పని చేసిన మొదటి జిల్లా ఇదే. రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 20.5 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని సర్వే చెబుతున్న కాలంలో వచ్చిన ప్రకటన అది. దాన్ని నూటికి నూరుపాళ్లు నమ్మాలా అన్నది వేరే సంగతి. హాజరుపట్టీ కూడా ఆరోగ్య పరికరమేనన్న ఆలోచన మాత్రం అక్షరాలా సరైనది.

ఇంకో పట్టీ కూడా ఊళ్లోనే ఉంది. ఏఎన్ఎం దగ్గర 'అర్హ దంపతుల' రిజిస్టరు. 15-49 ఏళ్ల పెళ్లయిన స్త్రీలందరి పేర్లూ, పిల్లలెందరో, ఏ కుటుంబ నియంత్రణ పద్ధతి వాడుతున్నారో అందులో రాస్తారు. గర్భం రాకముందు స్త్రీ ప్రభుత్వానికి పేరుపేరునా కనిపించే చోటు అది. అక్కడ వేసే ప్రశ్న మాత్రం బిడ్డను ఎలా ఆపుతున్నారన్నదే. ఈ ఏడాది బిడ్డ కావాలనుకుంటున్నారా అని ఒక్క మాట కలిపి, అవునన్నవాళ్ల బరువు, హీమోగ్లోబిన్ పక్కనే రాస్తే చాలు. కొత్త సర్వే అక్కర్లేదు. 2018 నాటి రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమం ప్రకారం గర్భిణులు కాని స్త్రీలకూ వారానికొక ఎర్ర మాత్ర రావాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఒడిశాలో మమతా దివస్ నాడు, అంటే ఊళ్లో తల్లీపిల్లల ఆరోగ్యం చూసే రోజున, తూకం యంత్రం ఎలాగూ ఊళ్లోకి వస్తుంది. దాని మీదికి ఎక్కేది ఇప్పటికైతే కడుపుతో ఉన్నవాళ్లూ, చంటిపిల్లలూ.

ఇది చదివేవాళ్ల ఇంట్లో ఈ ఏడాది పెళ్లి ఉంటే, నగల అంగడికి వెళ్లిన రోజే దారిలో ఒక రక్తపరీక్ష కూడా చేయించుకోండి. బిడ్డ కావాలనుకున్న రోజునే డాక్టరును అడిగి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. నెల తప్పేదాకా ఆగకండి. పెళ్లికొడుకునీ వెంట తీసుకెళ్లండి. సికిల్‌సెల్, తలసీమియా లాంటి జబ్బులు బిడ్డకు తీవ్రంగా వచ్చేది లోపమున్న జన్యువు ఇద్దరి దగ్గర్నుంచీ అందినప్పుడే.